యూఎన్‌ఓడీసీ డేటా పోర్టల్: లైంగిక హింసపై పాఠం చెప్పేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

అత్యాచారాలు ఏ దేశంలో ఎక్కువ అని వెతికితే ఒకటి, రెండు, మూడు అంటూ వరుస కట్టిన జాబితాలు బోలెడు దొరుకుతాయి. వాటి మూలం తవ్వుకుంటూ పోతే తరచుగా తేలేది ఒకే చోట: ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం, అంటే అందరూ యూఎన్‌ఓడీసీ అనే సంస్థ నడిపే డేటా పోర్టల్ దగ్గర. తులనాత్మక నేరశాస్త్రం చదివేవారికైనా చెప్పేవారికైనా దానితో పని పడక తప్పదు. ఈ సమీక్ష పోర్టల్ మొత్తం గురించి కాదు, అందులో హింసాత్మక, లైంగిక నేరాల పట్టిక గురించి. తీర్పు ముందే చెప్పేస్తాం. ఒకే నేరాన్ని ఒక్కో దేశం ఎంత వేరుగా నమోదు చేస్తుందో క్లాసులో చూపించడానికి ఇది చాలా మంచి సామగ్రి. ఏ దేశంలో స్త్రీలకు ప్రమాదం ఎక్కువో తేల్చడానికి మాత్రం దీన్ని ముట్టుకోకూడదు.

ముందు ఈ అంకెలు ఎక్కడినుంచి వస్తాయో చూడాలి. యూఎన్‌ఓడీసీ ఏటా ప్రభుత్వాలకు ఒక ప్రశ్నావళి పంపుతుంది. దీన్ని క్లుప్తంగా సీటీఎస్ అంటారు. ఆయా దేశాల్లో ఆ పని అప్పగించిన అధికారులు పోలీసు, ప్రాసిక్యూషన్, కోర్టు, జైలు లెక్కలు నింపి తిరిగి పంపుతారు. అంటే పోర్టల్‌లో ఉన్నది సర్వే కాదు, పరిశోధకులు స్వయంగా లెక్కపెట్టినదీ కాదు. ప్రభుత్వాలు తమ రికార్డుల నుంచి ఇచ్చిన మొత్తాలు. వేరువేరు చట్టాల అంకెలను ఒక చట్రంలో కూర్చడానికి 2015లో ఐరాస గణాంక కమిషన్ ఐసీసీఎస్ అనే అంతర్జాతీయ నేర వర్గీకరణను ఆమోదించింది. అందులో మూడో విభాగం లైంగిక స్వభావం గల హాని. దాని కింద 0301 లైంగిక హింస, 03011 అత్యాచారం, 03012 లైంగిక దాడి, 0302 లైంగిక దోపిడీ. అత్యాచారంలో మళ్లీ బలప్రయోగంతో జరిగినది, బలప్రయోగం లేకుండా జరిగినది, సమ్మతి వయసు రానివారిపై జరిగినది అని కోడ్‌లు ఉన్నాయి. కాగితం మీద చక్కటి వర్గీకరణ. చిక్కల్లా పాత చట్టం సెక్షన్ల ప్రకారం పోగుచేసిన రికార్డును ఈ గళ్లలో ఇమడ్చడంలోనే వస్తుంది.

వాడటం తేలికే. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. ఎక్సెల్ ఫైల్ దింపుకుంటే దేశం, ప్రాంతం, సూచిక, వర్గం, లింగం, వయసు, సంవత్సరం, కొలమానం, విలువ, మూలం అనే నిలువు వరుసలు కనిపిస్తాయి. శీర్షికల వరుసకు పైన వివరణ వరుసలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు వాటిని వదిలేయాలి. తర్వాత చేయాల్సిన మొదటి పని కొలమానం వరుసను ఫిల్టర్ చేయడం. ఒకే దేశం, ఒకే ఏడాదికి నేరాల సంఖ్య ఒక వరుసలో, లక్ష జనాభాకు రేటు మరో వరుసలో ఉంటాయి. ఫిల్టర్ మరిచి పివట్ టేబుల్ వేస్తే రెండూ కలిసిపోతాయి. విద్యార్థుల అసైన్‌మెంట్లలో తేలిగ్గా దొర్లే తప్పు ఇది. రెండోది, మొత్తం లైంగిక హింసను దాని ఉపవర్గాలతో కలిపి కూడటం. అత్యాచారం అప్పటికే మొత్తంలో ఉంటుంది కాబట్టి రెండుసార్లు లెక్కకు వస్తుంది. మూడోది, యునైటెడ్ కింగ్‌డమ్ ఒక్క దేశంగా ఉండదు. ఇంగ్లండ్–వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ వేరువేరు వరుసలు, వాటి దేశ కోడ్‌లూ మామూలు మూడక్షరాల కోడ్‌లు కావు. వేరే పట్టికతో కలిపినప్పుడు ఇవి చప్పుడు లేకుండా జారిపోతాయి.

రేటుకు హారం మొత్తం జనాభా, స్త్రీల జనాభా కాదు. బాధితుల్లో అత్యధికులు స్త్రీలూ బాలికలే అయినా పురుషులు, పిల్లలు, వృద్ధులు అందరూ హారంలో ఉంటారు. ఇక ఖాళీ గడి అంటే సున్నా కాదు, ఆ దేశం ఆ ఏడాది అంకె ఇవ్వలేదని అర్థం. ఖాళీలను సున్నాలుగా మార్చి సగటు తీస్తే అంకె ఇచ్చిన దేశాలకే అన్యాయం జరుగుతుంది.

అసలు పాఠం మొదలయ్యేది లెక్కింపు నియమాల దగ్గర. క్లాసులో ఒక కల్పిత ఫిర్యాదు ఇవ్వండి: ఒక మహిళ స్టేషన్‌కు వచ్చి, ఏడాదిగా వారానికోసారి ఒకే వ్యక్తి తనపై అత్యాచారం చేశాడని చెప్పింది. పట్టికలో ఎన్ని నేరాలు పడాలి? ఒక్కొక్క ఘటనను విడదీసి చెప్పగలిగితే స్వీడన్‌లో ప్రతిదీ ఒక నేరమే, లెక్క యాభై దాటవచ్చు. ఇంగ్లండ్–వేల్స్ నియమాల ప్రకారం ఒకే బాధితురాలు, ఒకే నిందితుడు, ఒకేసారి చేసిన ఫిర్యాదు కాబట్టి సాధారణంగా ఒక్కటే. ఇప్పుడు కథలో ఒక్క మార్పు చేయండి: చివరి ఘటనలో ఆమె హత్యకు గురైంది. ప్రధాన నేరాన్నే లెక్కించే పద్ధతి ఉన్నచోట హత్య ఒక్కటే మిగులుతుంది, అత్యాచారం పట్టికలోంచి మాయమవుతుంది. మరొక మార్పు: దర్యాప్తులో ఆ ఘటన అత్యాచారం నిర్వచనం కిందికి రాదని తేలింది. స్వీడన్ ఫిర్యాదు అందినప్పుడే లెక్కిస్తుంది, తర్వాతేం తేలినా ఆ అంకె ఉండిపోతుంది. జర్మనీ పోలీసు గణాంకాలు దర్యాప్తు ముగిసి ఫైలు ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు లెక్కిస్తాయి, వడపోత అప్పటికే జరిగిపోతుంది. ఒక్క ఫిర్యాదు ఇన్ని రూపాలు ఎత్తుతుందని విద్యార్థులు కాగితం మీద తామే లెక్కవేసి చూసుకుంటే, ఆ తర్వాత దేశాల వరుస జాబితాను అంత తేలిగ్గా నమ్మరు. స్వీడన్ అంకెలు ఎందుకు అంత పెద్దవో నేరశాస్త్రవేత్త హాన్స్ ఫాన్ హోఫర్ 2000లోనే విడమరిచాడు: గణాంక నియమాలు, చట్ట నిర్వచనం, అసలు జరిగే నేరం, ఈ మూడూ కలిసే అంకెను తయారుచేస్తాయి. ఇప్పటికీ ఆ దేశం పేరు చెప్పి రాజకీయ వాదాలు నడిపేవారు మొదటి రెండింటినీ వదిలేస్తున్నారు. బాధగా ఉంటుంది, ఎందుకంటే ఫిర్యాదును నిజాయితీగా నమోదు చేసిన వ్యవస్థే ఇక్కడ దోషిగా నిలబడుతోంది.

చట్ట నిర్వచనాల మార్పులు పట్టికలో మెట్లలా కనిపిస్తాయి. అమెరికాలో ఎఫ్‌బీఐ 1927 నాటి నిర్వచనం స్త్రీపై బలవంతపు సంభోగానికే పరిమితం. 2012లో కొత్త నిర్వచనం ప్రకటించి, 2013 నుంచి సేకరణ మొదలుపెట్టారు. పురుష బాధితులు, బలప్రయోగం లేని అసమ్మతి ఘటనలు అప్పుడు లోపలికి వచ్చాయి. కెనడా 1983లో అత్యాచారం అనే నేరాన్నే తీసేసి, మూడు స్థాయిల లైంగిక దాడిగా మార్చింది. అందుకే కెనడాను అత్యాచారం వరుసలో ఇంకొక దేశంతో పోల్చడానికి అసలు ఆధారమే లేదు. ఇంగ్లండ్‌లో 2003 చట్టం ప్రకారం పురుషాంగ ప్రవేశం ఉంటేనే అత్యాచారం. వస్తువుతోనో వేరే శరీర భాగంతోనో జరిగితే అది మరో సెక్షన్. స్వీడన్ 2018 జులై 1 నుంచి సమ్మతి లేకపోవడాన్నే కొలబద్దగా తీసుకుంది. జపాన్ 2017లో బాధితులే ఫిర్యాదు చేయాలన్న షరతు తీసేసింది, 2023లో సమ్మతి వయసును 13 నుంచి 16కు పెంచింది. పోర్టల్‌కు అతి పెద్ద లోపం ఇక్కడే ఉంది. ఇలాంటి విరుపు ఏ ఏడాది వచ్చిందో అంకె పక్కన కనిపించదు. దాన్ని వేరే పత్రాల్లో వెతుక్కోవాలి, వెతికే ఓపిక లేనివారు గ్రాఫ్ గీసి పెరుగుదల అని రాసేస్తారు.

కాబట్టి గ్రాఫ్ గీసే పద్ధతి మార్చుకోవాలి. రెండు దేశాల రేట్లను పక్కపక్కన పెట్టొద్దు. ఒక్కో దేశానికీ ఒక ఆధార సంవత్సరాన్ని 100గా తీసుకుని, మిగతా ఏళ్లను దానితో పోల్చి గీయండి. చట్టం మారిన ఏడాది, లెక్కింపు నియమం మారిన ఏడాది నిలువు గీతలు పెట్టండి. ఆ గీతల మధ్య ముక్కలనే చదవండి, గీత దాటి చదవొద్దు. ఐదారు దేశాలు చాలు. నలభై దేశాల గ్రాఫ్‌లో ఏ దేశం నోట్సూ ఎవరూ చదవరు.

పెరుగుదల మంచి వార్త కూడా కావచ్చని చెప్పడానికి ఇంగ్లండ్–వేల్స్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. 2014లో పోలీసు తనిఖీ సంస్థ 43 పోలీసు బలగాల నమోదును పరిశీలించి, పోలీసుల దృష్టికి వచ్చిన లైంగిక నేరాల్లో 26 శాతం నేరంగా నమోదే కావడం లేదని తేల్చింది. అదే ఏడాది పోలీసు నేర గణాంకాలకు ఉన్న జాతీయ గణాంకాల గుర్తింపు కూడా పోయింది. ఆ తర్వాత నమోదైన లైంగిక నేరాలు బాగా పెరిగాయి. ఆ పెరుగుదలలో బాధితులు ముందుకు రావడం ఉంది, పాత ఘటనల ఫిర్యాదులు ఉన్నాయి, పోలీసులు మునుపటిలా వదిలేయకుండా రాయడమూ ఉంది. నేరం ఎంత పెరిగిందో ఆ గ్రాఫ్ ఒక్కటే చూసి విడదీయలేం.

అందుకే ఈ పట్టికను ఒంటరిగా పాఠంలో పెట్టకూడదు. పక్కన బాధితుల సర్వే ఒకటైనా ఉండాలి. ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల సంస్థ 2014లో ప్రచురించిన సర్వేలో 28 దేశాల నుంచి 42,000 మంది స్త్రీలతో మాట్లాడారు. భాగస్వామి చేసిన అతి తీవ్రమైన ఘటననైనా పోలీసులకు చెప్పినవారు 14 శాతమే. పోర్టల్ అంకెలు ఎంత చిన్న కిటికీలోంచి చూస్తున్నాయో ఈ ఒక్క అంకె చెబుతుంది. కానీ సర్వేలకూ వాటి గొడవలు ఉన్నాయి. పదిహేనేళ్ల వయసు తర్వాత శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామన్నవారు డెన్మార్క్‌లో 52 శాతం, పోలండ్‌లో 19 శాతం. ఇది హింసలో తేడానా, చెప్పుకోగలిగే వాతావరణంలో తేడానా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ప్రశ్న అడిగే తీరు మరీ ముఖ్యం. అమెరికా న్యాయశాఖ 2000లో ప్రచురించిన అధ్యయనంలో బోనీ ఫిషర్, ఫ్రాన్సిస్ కల్లెన్, మైకేల్ టర్నర్ రెండు సర్వేలు పక్కపక్కన నడిపారు. ఒక్కోదానిలో నాలుగు వేలకు పైగా కాలేజీ విద్యార్థినులు. అత్యాచారం అన్న మాటతో పనిలేకుండా ఏ చర్య జరిగిందో విడమరిచి అడిగినచోట పూర్తయిన అత్యాచారం 1.7 శాతం. జాతీయ నేర సర్వే మూసలో అడిగినచోట 0.16 శాతం. పది రెట్లకు పైగా తేడా, అంతా ప్రశ్నావళి తీరులోనే. తనకు జరిగినదాన్ని ఆ పేరుతో పిలుచుకోలేని మనిషిని ఆ పేరుతోనే అడిగితే లేదనే అంటుంది.

ఐరోపా బయటి దేశాలకు డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేల గృహహింస భాగం వాడుకోవచ్చు, మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ కుటుంబంలోదే. దాన్ని తెరిచేవారు మూడు విషయాలు చూసుకోవాలి. ఇంటికి ఒక్క స్త్రీనే ఎంపిక చేస్తారు కాబట్టి డేటా ఫైలులో వి044 అనే చరం విలువ 1 ఉన్నవారినే తీసుకోవాలి, 2 అంటే ఏకాంతం దొరక్క ఇంటర్వ్యూ జరగలేదని. వెయిట్‌గా, అంటే నమూనాను జనాభాకు సరిపోల్చే తూకంగా, మామూలు స్త్రీల వెయిట్ కాదు, డి005 తీసుకుని పది లక్షలతో భాగించాలి. డి108 చూపేది భర్త లేదా భాగస్వామి చేసిన లైంగిక హింసను మాత్రమే, ఇతరులు చేసినది అందులో లేదు. పోలీసు లెక్కల్లో చాలాచోట్ల అసలు కనిపించని భాగం సరిగ్గా ఇదే. అందుకే పోలీసు అంకెను సర్వే అంకెతో భాగించి ఫిర్యాదుల శాతం అని రాయడం తప్పు.

పోర్టల్‌లో ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్నవారు, శిక్ష పడినవారి అంకెలూ ఉన్నాయి. శిక్షల శాతం తీయాలని చెయ్యి ఊరుకోదు. అయితే పోలీసు వరుస నేరాలను లెక్కిస్తుంది, కోర్టు వరుస మనుషులను లెక్కిస్తుంది, పైగా ఈ ఏడాది తీర్పు ఏ ఏడాది ఫిర్యాదుదో తెలియదు. వడపోత గురించి, అంటే ఏ దశలో ఎన్ని కేసులు రాలిపోతాయో చెప్పాలంటే కేసు ఫైళ్లను మొదటినుంచి చివరిదాకా వెంబడించిన అధ్యయనాలే దిక్కు. క్యాథలీన్ డేలీ, బ్రిజిట్ బూవర్ 2010లో ఐదు దేశాల్లోని 75 అధ్యయనాలను క్రోడీకరించారు. పోలీసుల దాకా వచ్చిన కేసుల్లో శిక్షతో ముగిసినవి 1970–89 మధ్య 18 శాతం, 1990–2005 మధ్య 12.5 శాతం. చట్టాలు మారుతున్న కాలంలోనే తగ్గింది. సెమినార్‌లో రెండు గంటల చర్చకు ఈ రెండు అంకెలు సరిపోతాయి.

ఒక మాట క్లాసు గురించి. పైన చెప్పిన సర్వేలను నమ్మేవారెవరైనా, ముప్పైమంది కూర్చున్న గదిలో ఈ అనుభవం ఉన్నవారు ఉంటారనే అనుకుని పాఠం తయారుచేయాలి. ఏ వారం ఏ అంశం వస్తుందో ముందే రాసి ఇవ్వండి. ప్రత్యామ్నాయ అసైన్‌మెంట్ అడిగినవారిని కారణం అడగొద్దు. లెక్కింపు అభ్యాసానికి కల్పిత ఫిర్యాదులే వాడండి, నిజమైన కేసుల వివరాలు వద్దు. ఎవరైనా వచ్చి తమ విషయం చెప్పుకుంటే పైఅధికారులకు తెలియజేయాల్సిన బాధ్యత మీకు ఉందో లేదో ముందే తెలుసుకుని, ఉంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. ఎవరికీ చెప్పనని మాటిచ్చి తర్వాత తప్పితే ఆ విద్యార్థికి రెండోసారి ద్రోహం చేసినట్టే. పట్టికలోని అంకెలు పొడిగా ఉంటాయి కదా అని ఈ జాగ్రత్త వదిలేయకండి. క్లాసులో ఎవరైనా ఫిర్యాదులు ఎక్కువైతే అబద్ధాలూ ఎక్కువే అనేసే క్షణం గ్రాఫ్ చూపిస్తున్నప్పుడే వస్తుంది. జవాబు సిద్ధంగా ఉండాలి.

మొత్తం మీద మొదటి ఏడాది పీజీ క్లాసుకు ఒక పూట ప్రాక్టికల్‌గా ఈ పోర్టల్‌ను నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. పీహెచ్‌డీ స్థాయిలో దేశాల మధ్య రిగ్రెషన్‌లో (ఒక అంకెను ఇతర చరాలతో వివరించే గణాంక పద్ధతిలో) ఆధారిత చరంగా, అంటే వివరించాల్సిన అంకెగా, వాడటాన్ని మాత్రం గైడ్‌లు ఆపాలి. అలాంటి నమూనాలో చట్టం, పోలీసు నమోదు, ఫిర్యాదు చేసే ధైర్యం అన్నీ ఎడమవైపు, అంటే ఆ ఒక్క అంకెలోనే చేరిపోతాయి, కుడివైపు ఏ చరం పెట్టినా గుణకం దేన్ని కొలుస్తోందో ఎవరూ చెప్పలేరు. యూఎన్‌ఓడీసీ ఒక్క పని చేస్తే పోర్టల్ విలువ ఎంతో పెరుగుతుంది: ప్రతి విలువ పక్కన మరో మూడు గళ్లు. ఫిర్యాదు దశలో లెక్కించారా, దర్యాప్తు తర్వాతా. ప్రధాన నేరాన్నే లెక్కిస్తారా, అన్నిటినీనా. నిర్వచనం ఆఖరిసారి మారింది ఏ ఏడాది. అంతవరకు ఆ మూడు గళ్లు చేర్చిన ఫైలును క్లాసే తయారుచేసుకోవాలి. దేశానికి ఇద్దరు విద్యార్థులను కేటాయిస్తే రెండు వారాల్లో ఆరు దేశాలు పూర్తవుతాయి.