ఎర్ర లైటు వెలుగుతుంది, మోత రాదు: ఇంటికి పొగ అలారం కొనేవాళ్లు జాగ్రత్త

విజయనగరంలో ఇంటికి స్మోక్ అలారం కొనాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే షాపువాణ్ణి ఒకటి అడగండి: "ఇది దానంతటదే మోగుతుందా, ప్యానెల్ (డిటెక్టర్లను వైర్లతో కలిపే కంట్రోల్ బాక్సు) కావాలా?" సూటిగా జవాబు రాకపోతే అక్కడ కొనకండి.

నేను తిరిగిన షాపుల్లో 'స్మోక్ డిటెక్టర్' అని చూపించినవన్నీ ఆఫీసులకూ లాడ్జీలకూ బిగించే రకమే. చూడ్డానికి ఇంటి అలారంలాగే తెల్లగా, గుండ్రంగా ఉంటాయి గానీ లోపల బజర్ ఉండదు. పొగను పసిగట్టి వైరు ద్వారా ప్యానెల్‌కు చెప్పడం వరకే వాటి పని. మోగేది ఆ ప్యానెల్‌కు కలిపిన హూటర్. మామూలుగా 24 వోల్టుల మీద నడుస్తాయి, బ్యాటరీ వేసుకునే చోటే ఉండదు.

మాకు అంటగట్టింది అదే. "ఇంట్లోకండీ, రాత్రిపూట మోగి లేపాలి" అని స్పష్టంగా చెప్పి అడిగాను. వాళ్ల మనిషే వచ్చి అడాప్టర్ పెట్టి హాల్లో బిగించి, "లైటు మెరుస్తోంది కదా సార్, ఇంక నిశ్చింత" అని వెళ్లాడు. మధ్యాహ్నం అమ్మ పొయ్యి మీద పప్పు పెట్టి గదిలో నడుం వాల్చింది. నీళ్లిగిరి, గిన్నె మాడి హాలంతా పొగ కమ్మేసింది. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి పొగ చూసి తలుపు బాదితే గానీ అమ్మకు మెలకువ రాలేదు. పైన ఎర్ర లైటు నిలకడగా వెలుగుతోందట, చిన్న కూత కూడా లేదు. అమ్మకు ఏమీ కాలేదు. రాత్రయితే, పక్కింటివాళ్లూ నిద్రలో ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

షాపుకెళ్లి అడిగితే "మీరు ప్యానెల్ తీసుకోలేదు కదా" అన్నారు. ప్యానెల్ అనే మాట కొన్నరోజు వాళ్ల నోట రానేలేదు! బిల్లు మీద 'ఎలక్ట్రికల్ ఐటమ్' అని మాత్రమే రాసి, డబ్బు తిరిగివ్వం పొమ్మన్నారు. అందుకే బిల్లు మీద వస్తువు పేరూ మోడలూ పూర్తిగా రాయించుకోండి.

నిద్రలో పొగ వాసన మనిషిని లేపుతుందని నమ్ముకోవద్దు. మంట దగ్గరికి రాకముందే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మత్తులోకి దింపేస్తుంది. 2025 మే 18 తెల్లవారుజామున హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది పోయింది ఎక్కువగా పొగకు ఊపిరాడకే. పైగా ఇప్పుడు మన ఇళ్లలో రాత్రంతా ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉంటున్నాయి, వాటికీ నిప్పంటుకోవచ్చు.

ఇంటికి కావాల్సింది బ్యాటరీతో దానంతటదే మోగే అలారం. 'ఫొటోఎలక్ట్రిక్' అని ఉన్నది తీసుకోండి, నెమ్మదిగా రాజుకునే పొగను అది త్వరగా పట్టుకుంటుంది. అలారం ఒంటి మీద ఈఎన్ 14604 గానీ యూఎల్ 217 గానీ ఉందేమో చూడండి, ఇవి ఇంటి పొగ అలారాలకు పెట్టిన నాణ్యతా ప్రమాణాలు. షాపులోనే టెస్ట్ బటన్ నొక్కించండి, చెవులు మూసుకోవాలనిపించేంత మోత రావాలి, మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ ఉండాలి. వెనక తయారీ తేదీ తప్పకుండా చూడండి. లోపలి సెన్సర్ పదేళ్లకు మించి నమ్మదగ్గది కాదు, పాత సరుకు కొంటే ఆయుష్షు అప్పటికే కొంత తీరిపోయినట్టే.

పడగ్గదుల బయట సీలింగ్‌కు, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట బిగించాలి. వంటింట్లో, దేవుడి గదిలో వద్దు. పోపు పొగకూ సాంబ్రాణికీ ఊరికే మోగుతుంటే విసుగొచ్చి ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు. నెలకోసారి బటన్ నొక్కి చూడండి. బ్యాటరీ మార్చుకునే రకమైతే ఏడాదికోసారి మార్చండి. మధ్యమధ్యలో 'కిచ్' మంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం, ఆరోజే కొత్తది వేయండి. దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో తుడవండి. ఇంటికి సున్నమో రంగో వేయించేటప్పుడు కవరు కట్టి, పనవగానే గుర్తుపెట్టుకుని తీసేయండి.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఈరోజే స్టూలెక్కి చూడండి. బ్యాటరీ గది, టెస్ట్ బటన్ రెండూ లేకుండా రెండు వైర్లు మాత్రమే ఉంటే మీకూ మా రకమే ఇచ్చి ఉంటారు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మీ దగ్గర బిల్లు ఉంటే మీరూ చేయండి.