స్పైడరా, క్యాబ్రియోలేనా, టార్గానా: టాప్ తీసే కారుకు ఏ పేరు మేలు?

కార్ల పిచ్చి ఉన్న మా శ్రీకాకుళం కుర్రాళ్లలో ఎక్కువమంది ఓటు స్పైడర్‌కే. పలకడానికి జోరుగా ఉంటుంది, నిజమే. కానీ పేరు వినగానే బండి ఎలాంటిదో తెలియాలన్నది నా లెక్క. అలా చూస్తే నా ఓటు క్యాబ్రియోలేకి.

ఈ పేర్లు చాలామటుకు గుర్రపు బళ్ల కాలం నాటివి. స్పైడర్ అంటే 19వ శతాబ్దంలో ఒక తేలికైన బండి. పెద్ద చక్రాలు, వాటికి సన్నటి ఆకులు (స్పోక్‌లు), మధ్యలో చిన్న సీటు. చూస్తే సాలెపురుగే. 1953లో వచ్చిన పోర్షే 550 స్పైడర్ ఆ పేరు నిలబెట్టింది, ఎందుకంటే దాని బరువు 600 కిలోల లోపే. ఇప్పుడో? 1,600 కిలోలు దాటిన ఫెరారీ ఎస్‌ఎఫ్90కీ అదే పేరు. ఇక తేలిక ఎక్కడుంది?

క్యాబ్రియోలే సంగతి వేరు. ఫ్రెంచి వాళ్ల రెండు చక్రాల ఒంటి గుర్రం బండి అది. గతుకుల్లో మేకలా గెంతుతూ పోయేదని ఆ పేరొచ్చింది. దానికి మడిచే టాప్ ఉండేది. లండన్‌లో అద్దెకు తిరిగేసరికి పేరు కురచై క్యాబ్ అయింది. మనం ఫోన్‌లో బుక్ చేసే క్యాబ్ అదే! ఇన్నేళ్లయినా, పోర్షే 911లో బట్ట టాప్ మడతపడే మోడల్ పేరు క్యాబ్రియోలేనే.

టార్గా గుర్రపు బండి కాదు, రేసు. 1906లో సిసిలీలో మొదలైన టార్గా ఫ్లోరియోలో పోర్షే చాలాసార్లు గెలిచింది. 1965లో 911 టార్గా చూపించారు. బండి బోల్తా పడితే తలకు దెబ్బ తగలకుండా సీట్ల వెనక గట్టి కమాను పెట్టి, పైన పలక మాత్రం ఊడదీసేలా చేశారు. ఆలోచన గొప్పదే, పేరులో మాత్రం టాప్ ఊసే లేదు.

రోడ్‌స్టర్ మొదట దూర ప్రయాణానికి పనికొచ్చే గుర్రం, తర్వాత సైకిల్, ఆ తర్వాతే కారు. ఇద్దరే కూర్చునే మాజ్దా ఎంఎక్స్-5కి చక్కగా అతుకుతుంది. నా లెక్కలో రెండో స్థానం దానిదే.

ఇలాంటి బళ్లకు ఇంకో పేరు ఫేటన్. ఆ మాటెత్తితే అరసవల్లి గుర్తొస్తుంది. మన సూర్యుడి రథానికి అనూరుడు సారథి, దారి తప్పడు. గ్రీకుల కథలో సూర్యుడి కొడుకు ఫేటన్ పట్టుబట్టి రథం తోలి, గుర్రాలను ఆపలేక చచ్చిపోయాడు. ఆ పేరుతో మొదట ఓపెన్ బళ్లు, ఓపెన్ కార్లు వచ్చాయి. 2002లో ఫోక్స్‌వ్యాగన్ తీసుకెళ్లి మూసిన సెడాన్‌కి పెట్టింది. అంత మంచి పేరు వృథా అయిపోయిందని నాకు ఇప్పటికీ బాధే.

మన ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం టాప్ వేసుకోవాలి, సాయంత్రం కళింగపట్నం గాలికి తీసేయాలి. ఆ రెండు పనులూ చేసే బండిని క్యాబ్రియోలే అనడమే సబబు.