రెండు బుడగల స్క్రైబర్: దుంగల ఇంటికి కొనదగ్గదేనా?

ఏ రెండు దుంగలూ ఒకలా ఉండవు. కింది దుంగలోని వంపునీ, కణుపునీ, బొడిపెనీ ఉన్నదున్నట్టు పై దుంగ పొట్ట మీదికి ఎక్కించే పనిముట్టే స్క్రైబర్. చూడటానికి బడిపిల్లల కంపాస్‌కు పెద్దన్నలా ఉంటుంది. కింది కాలు కింది దుంగను తడుముతూ పోతుంది, పై కాలికి బిగించిన పెన్సిల్ పై దుంగ మీద గీత గీస్తుంది. ఆ గీత దాకా చెక్కి బోర్లిస్తే రెండు దుంగలూ సందు లేకుండా కూర్చోవాలి.

ఇంటిల్లిపాదీ కలిసి సొంతంగా కట్టుకునేవాళ్లు గొడ్డలి, ఉలి, బెరడు తీసే కత్తి పాతవి తెచ్చుకుని సానపట్టుకున్నా పని సాగుతుంది. స్క్రైబర్ విషయంలో మాత్రం సర్దుకుపోకూడదు. మట్టం చూపే బుడగ గొట్టాలు లేని మామూలు కంపాస్‌తో ఈ పనికి దిగకపోవడమే మంచిది.

కారణం లెక్కలోనే ఉంది. చెక్కిన దుంగ నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. కాబట్టి స్క్రైబర్ రెండు మొనలు కూడా గీసినంతసేపూ ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా ఉండాలి. కాళ్ల మధ్య ఎడం 100 మి.మీ. ఉన్నప్పుడు చేయి 2 డిగ్రీలు వాలితే మొన 3.5 మి.మీ. పక్కకు జరుగుతుంది. దుంగ పక్క 45 డిగ్రీల వాలులో ఉన్నచోట గీత కూడా అంతే ఎత్తు తప్పుతుంది, అంటే గోడలో కంటికి కనిపించే సందు. అదే ఎడం 30 మి.మీ. అయితే తప్పు సుమారు 1 మి.మీ. మాత్రమే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు మూల గంటును, అంటే అడ్డుగోడ దుంగ మీద కూర్చునే గుండ్రటి కోతను, ముతకగా తవ్వి దుంగను కిందికి దింపుతారు. ఎడం తగ్గాకే అసలు గీత గీస్తారు.

కొనేటప్పుడు చూడాల్సింది కాళ్ల మెరుపు కాదు. బుడగ గొట్టాలు రెండుండాలి, ఒకటి ముందు వెనకల వాలుకు, ఒకటి కుడి ఎడమల వాలుకు. రెండూ కలిసి ఏ వైపుకైనా తిప్పి బిగించుకునేలా ఉండాలి. కదలకుండా అతికించేసిన గొట్టాలున్న రకం పనికిరాదు, ఎందుకో కింద చెబుతాం. తర్వాత బిగింపు. కాళ్లు తెరిచి మర బిగించి, రెండు మొనలనూ చేత్తో గట్టిగా నొక్కి చూడండి. వెంట్రుకవాసి జరిగినా ఆ పనిముట్టు వద్దు. చెవుల నట్టు ఒక్కటే ఉన్నవాటిలో, పని మధ్యలో చెయ్యి తగిలి నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది. విడిగా సన్న సర్దుబాటు మర ఉంటే మేలు. ఇక ఎడం ఎంత తెరుచుకుంటుందో చూసుకోండి. 30 సెం.మీ. దుంగలకు ముతక గంటు లోతే 15 సెం.మీ. దాకా పోతుంది కాబట్టి 20 సెం.మీ. తెరుచుకోనిది కొనొద్దు. చేతిపిడి ఉంటే హాయి, లేకపోయినా నష్టం లేదు.

కొత్త స్క్రైబర్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా వాడటమే మొదటివాళ్లు చేసే పెద్ద తప్పు. బుడగలు ఎవరూ సరిచేసి ఇవ్వరు, మనమే చేసుకోవాలి. కదలని గోడకు ఒక నున్నటి చెక్కను బిగించి, తూకం గుండు దారం ప్రకారం దాని మీద నిలువు గీత గీయండి. కావాల్సిన ఎడం పెట్టుకుని రెండు మొనలనూ ఆ గీత మీద ఆనించి, రెండు బుడగలూ నడిమికి వచ్చేలా గొట్టాలను తిప్పి బిగించండి. ఎడం మారితే కాళ్ల కోణం మారుతుంది, కోణం మారితే బుడగ అబద్ధం చెబుతుంది. అందువల్ల ఎడం మార్చిన ప్రతిసారీ ఈ చెక్క దగ్గరికి రావాల్సిందే. పెన్సిల్ చెక్కినా అంతే, మొన పొడవు మారిపోతుంది. అదే చెక్క మీద ఎడం కొలతను రెండు చుక్కలుగా గుర్తుపెట్టుకుంటే, మధ్యలో మర జారిందో లేదో క్షణంలో తెలుస్తుంది.

ఎడం ఎంత పెట్టాలి? ముతక గంటు అయ్యాక రెండు దుంగల మధ్య అన్నిటికన్నా వెడల్పైన సందును కొలిచి, దానికి 6 నుంచి 10 మి.మీ. కలపండి. 30 సెం.మీ. దుంగల మీద 6 కలిపితే ఆ చోట గాడి, అంటే పై దుంగ అడుగున పొడవునా చెక్కే పల్లం, వెడల్పు సుమారు 60 మి.మీ., 10 కలిపితే సుమారు 77 మి.మీ. వస్తుంది. అంతకన్నా సన్నగా ఉంటే గాలీ వానా లోపలికొస్తాయి.

పచ్చి దుంగలతో కట్టేవాళ్లకు ఇంకో సంగతి. ఎండేకొద్దీ దుంగ మందం తగ్గుతుంది, పొడవు దాదాపు తగ్గదు. పచ్చి దుంగల గోడ ఎత్తులో 6 శాతం దాకా దిగుతుందని లెక్క వేసుకుంటారు. 2.4 మీటర్ల గోడకు అది 14 సెం.మీ. పైమాటే. గాడి విచ్చుకుని దుంగ దిగుతుంది, మూల గంటు వదులవుతుంది. దీనికి విరుగుడుగా గంటు దగ్గర గీతకు ఎడాన్ని గాడి గీతకన్నా కొన్ని మిల్లీమీటర్లు తగ్గిస్తారు. బరువు మొదట గంటు మీద పడుతుంది, గాడిలో సన్న సందు ఉంటుంది, ఎండేకొద్దీ అది మూసుకుంటుంది. కింది వరుసల్లో ఈ తేడా ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతూ చివరి వరుసల్లో సున్నా. అంటే ఒకే దుంగకు రెండు ఎడాలు, రెండుసార్లు బుడగల సవరణ. తిప్పుకోలేని గొట్టాలు వద్దన్నది ఇందుకే.

పెన్సిల్‌ను తక్కువగా చూడొద్దు. పచ్చి చెక్క మీద మామూలు పెన్సిల్ కనిపించదు. తడి తగలగానే ఊదారంగు తేలే కాపీయింగ్ పెన్సిల్ వాడాలి. చెక్క పొడిగా ఉంటే ముందు నీళ్లు చిలకరించాలి.

గీసేటప్పుడు దుంగ కదిలితే అప్పటిదాకా గీసినదంతా వృథా. 30 సెం.మీ. మందం, 6 మీటర్ల పొడవున్న పచ్చి దుంగ 300 కిలోలు దాటుతుంది. బరువుగా ఉంది కదా, కదలదులే అనుకోకూడదు. రెండు చివర్లా మొనలున్న ఇనుప కొక్కేలను దిగగొట్టి బిగించాకే స్క్రైబర్ చేతికి తీసుకోవాలి. ఇంట్లోవాళ్లు ఎంతమంది ఉన్నా ఒక దుంగను మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే గీయాలి. నొక్కే బలం మనిషికో తీరు. మిగతావాళ్లలో ఒకరు నీళ్లు చిలకరిస్తే, ఇంకొకరు దీపం పట్టుకుంటే చాలు. దుంగను తిప్పేటప్పుడు రెండు దుంగల మధ్యకు ఎవరూ వేళ్లు పోనివ్వకూడదు, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు.

గీత పూర్తయ్యాక దుంగను తిప్పకముందే, మొదట గీసిన చోట స్క్రైబర్ మళ్లీ ఆనించండి. మొన పాత గీత మీదే పడాలి. పడకపోతే మర జారిందన్నమాట, ఆ గీతను కొట్టేసి మళ్లీ గీయండి. ఆ తర్వాత గీత వెంట పదునైన కత్తితో ఒక గాటు పెట్టి, మోటారు రంపాన్ని గీతకు 3–5 మి.మీ. లోపలే ఆపి, మిగిలినది ఉలితో తీయండి. గాడి నడుమ కొంచెం లోతుగా ఉండాలి, రెండు అంచులే ఆనాలి.

స్క్రైబర్ లోపమొకటి ఒప్పుకోవాలి. చలికి బుడగ పెరుగుతుంది, ఎండకు తగ్గుతుంది. గొట్టం మీది రెండు గీతల మధ్యన బుడగ పట్టకపోతే, ఆ రెండు గీతలకూ సమదూరంలో ఉందో లేదో కంటితో చూసుకోవడమే దారి.

దుంగల కొనలను ఒకదానికొకటి ఆనించి ఇనుప చువ్వలతో బిగించి, సందుల్లో గార నింపే పద్ధతిలో కట్టేవాళ్లకు స్క్రైబర్ అక్కర్లేదు. చేతులు తక్కువ, సెలవులు తక్కువ ఉన్న కుటుంబానికి ఆ పద్ధతే నయం. ఆ డబ్బు మంచి తాళ్లకూ కప్పీలకూ పెట్టండి.