డరమ్, నార్తంబర్లండ్: అవార్డు బోర్డులు చూసి వెళ్తే ఏం దొరికింది

ఇంగ్లండ్‌లో సెలవులకి బస వెతకడం మొదలుపెడితే అవార్డులు చూసి చూసి విసుగొస్తుంది. ప్రతి బీ అండ్ బీ (రాత్రి పడక, పొద్దున టిఫిను ఇచ్చే ఇల్లు) గుమ్మం మీద ఒక ఫలకం, ప్రతి మ్యూజియం వెబ్‌సైట్ మీద ఒక బంగారు ముద్ర, పల్లెటూరి పబ్బుకి కూడా ఏదో ఒక ఏడాది "బెస్ట్" అన్న బోర్డు. అమ్మా నాన్నా కొత్తగూడెం నుంచి వేసవికి మా దగ్గరికి వచ్చారు. లండన్, బాత్ అందరూ చూపించేవే కదా అని ఈసారి ఈశాన్యం వైపు, అంటే డరమ్, నార్తంబర్లండ్ జిల్లాల వైపు ప్లాన్ వేశాం, అదీ పేరున్న చోట్లే ఎక్కువ పెట్టుకుని. కొన్ని అవార్డుకి మించి ఉన్నాయి, కొన్ని మనలాంటి వాళ్ళకి అస్సలు సరిపడవు.

ముందు ఈ అవార్డుల సంగతి తెలుసుకోవాలి. ఇంగ్లండ్ పర్యాటక సంస్థ విజిట్‌ఇంగ్లండ్ ఏటా ఇచ్చే వాటిలో బంగారం, వెండి, కంచు అని ఉంటాయి, ప్రాంతాల్లో గెలిచినవాళ్ళు జాతీయ పోటీకి వెళ్తారు. అయితే పోటీకి ఎవరికి వాళ్ళే దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి బోర్డు లేదంటే ఆ చోటు బాగోదని కాదు, వాళ్ళకి ఫారం నింపే ఓపిక లేకపోయి ఉండొచ్చు. పైగా విభాగాలు బోలెడు: పెద్ద సందర్శన స్థలాలు, చిన్నవి, బీ అండ్ బీలు, సొంతంగా వండుకునే ఇళ్ళు, పబ్బులు, చివరికి కుక్కలతో వచ్చేవాళ్ళని బాగా చూసుకునే చోట్లకి కూడా ఒక విభాగం ఉంది. మా అమ్మకి కుక్కంటే భయం, ఆ అవార్డు బోర్డు కనిపిస్తే మేం ఆ పేజీ మూసేసేవాళ్ళం!

మ్యూజియాలకి వేరే ఉంది, ఆర్ట్ ఫండ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇచ్చే మ్యూజియం ఆఫ్ ది ఇయర్, గెలిచిన మ్యూజియానికి 1,20,000 పౌండ్లు. 2018లో కార్న్‌వాల్‌లోని టేట్ సెయింట్ ఐవ్స్‌కి, 2024లో లండన్‌లోని యంగ్ వీ అండ్ ఏకి, 2025లో డరమ్ పక్కనున్న బీమిష్‌కి వచ్చింది. మేం వెళ్ళాలనుకున్నది ఆ బీమిష్ కోసమే.

బీమిష్‌ని మ్యూజియం అంటే సరిగ్గా అర్థం కాదు. 1970లో మొదలైంది. ఎక్కడెక్కడో కూల్చేయబోతున్న ఇళ్ళు, దుకాణాలు, బడి, రైల్వే స్టేషన్ రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. 1820ల పల్లె ఒకవైపు, 1900ల పట్నం, గనికార్మికుల ఊరు ఇంకోవైపు, 1940ల పొలం, 1950ల వీధి, వీటి మధ్య పాత ట్రాములు. అద్దాల పెట్టెల్లో పెట్టి కింద చీటీ అంటించినవి దాదాపు లేవు. ఆ కాలం బట్టల్లో ఉన్నవాళ్ళు పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తూ మనతో మాట్లాడతారు, మనం ఎంతసేపడిగితే అంతసేపు. దంతవైద్యుడి ఇంట్లో చెప్పిన మాట అమ్మ ఇంకా మర్చిపోలేదు: ఆ రోజుల్లో పెళ్ళికి ముందే ఆడపిల్లకి పళ్ళన్నీ పీకించి కట్టుడుపళ్ళు పెట్టించేవాళ్ళట, తర్వాత మొగుడికి ఖర్చు ఉండకూడదని. కార్మికుల ఇళ్ళల్లో నేల మీద పాత బట్టల ముక్కలతో చేసిన పట్టా చూసి "ఇది మన బొంతే కదే" అని అమ్మ కూర్చుని దాన్ని తిరగేసి మరీ చూసింది, అక్కడున్నామె నవ్వి కుట్టే కొక్కెం చేతికిచ్చింది.

నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన్ని గని దగ్గర్నుంచి కదిలించడం మా వల్ల కాలేదు. అక్కడ మహాగనీ డ్రిఫ్ట్ అని ఒక నిజం గని ఉంది, లోపలికి ఏటవాలుగా నడిచి వెళ్ళాలి. చూడగానే "ఇది ఇంక్లైనే" అన్నారు. తలకి టోపీ పెట్టుకుని, నడుం వంచి, చీకట్లో కాస్త దూరం తీసుకెళ్తారు. గైడు బొగ్గు పొర మందం గురించి చెప్తుంటే నాన్న మధ్యలో ఆపి కప్పుకి దన్ను ఎలా పెట్టేవాళ్ళు, గాలి ఎటునుంచి వచ్చేది అని అడగడం మొదలుపెట్టారు, ఆయన ఇంగ్లీషు కొంచెం, గైడు యాస మాకే సగం అర్థం కాదు, అయినా ఇద్దరికీ మా అనువాదం అవసరం రాలేదు. పైన ల్యాంప్ క్యాబిన్, బొగ్గు మోసే టబ్బులు, గనిలోంచి పైకి లాగే 1855 నాటి ఆవిరి వైండింగ్ ఇంజన్ ఉన్నాయి. బొగ్గు బెల్టులో పుట్టి పెరిగినవాళ్ళు, గోదావరిఖని వాళ్ళయినా మందమర్రి వాళ్ళయినా, ఇంగ్లండ్ వస్తే ఇది వదలకండి. బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు ముందు నించున్న ఫోటో కన్నా మా నాన్నకి ఇదే ఎక్కువ.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. గని ఊళ్ళో బొగ్గు పొయ్యి మీద వేయించే చేప-చిప్స్ కొట్టు ఉంది, దానికి పెద్ద క్యూ, వాసన కూడా ఊరించేలా ఉంటుంది. కానీ అక్కడ వేయించేది బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో. చేపే కాదు, చిప్స్ కూడా అందులోనే. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా పాత చిప్స్ కొట్లలో ఇదే పద్ధతి, బంగాళాదుంపే కదా అని తినేసే శాకాహారులు కౌంటర్లో ఒక్క మాట అడగడం మంచిది. టికెట్ చవక కాదు గానీ ఒకసారి కొంటే ఏడాది పొడుగునా మళ్ళీ రావచ్చు. చాలా భాగం ఆరుబయటే, వాన పడితే తలదాచుకునే చోటు తక్కువ, జూలైలో కూడా జర్కిన్ ఉండాలి.

బస గురించి ఇంత సంతోషంగా రాయలేను. మొదట దిగింది ఒక చిన్న ఊళ్ళో అయిదు నక్షత్రాల బీ అండ్ బీ, హాల్లో గోడ నిండా సర్టిఫికెట్లు. గది అద్దంలా ఉంది, పక్కబట్టలు అంత బాగుండేవి నేనింతవరకు చూడలేదు, ఇంటావిడ కేకు కూడా చేసి పెట్టింది. మెట్లుంటాయని ఫోన్లో చెప్పారు, ఎన్ని ఉంటాయో చెప్పలేదు. పై అంతస్తు అటక గది, లిఫ్టు లేదు, నాన్న మోకాళ్ళతో రోజుకి రెండుసార్లు ఎక్కి దిగడం నరకం. సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపే చెకిన్, పొద్దున ఎనిమిదిన్నరకే టిఫిను, గదిలోకి బయటి తిండి తేకూడదు. శాకాహార టిఫిన్ అంటే మాంసం తీసేసిన అదే ప్లేటు: ఉడికించిన బీన్స్, పుట్టగొడుగు, టమాటా. బీ అండ్ బీకి ఇచ్చే అయిదు నక్షత్రాలు, హోటల్‌కి ఇచ్చే అయిదు నక్షత్రాలు ఒకటి కావు, ఇక్కడ చూసేది శుభ్రత, మర్యాద, పరుపు, టిఫిను. లిఫ్టు లేదని నక్షత్రం తగ్గదు. పెద్దవాళ్ళతో వెళ్తే మెట్లెన్ని, కింది అంతస్తులో గది ఉందా, రాత్రి ఎనిమిది తర్వాత దగ్గర్లో ఏమైనా దొరుకుతుందా, ఈ మూడూ అడిగి తీరాలి. పల్లె పబ్బుల్లో వంటిల్లు పెందలాడే మూసేస్తారు, మనం ఆకలి మొదలయ్యే వేళకి వాళ్ళు గిన్నెలు తోముకుంటుంటారు.

దానికి పూర్తిగా వేరే, ఏ ఫలకమూ లేని బస డరమ్ కోటలో దొరికింది. కోట ఇప్పుడు డరమ్ యూనివర్సిటీలో ఒక కాలేజీ, టర్మ్ నడిచేటప్పుడు విద్యార్థులుంటారు, సెలవుల్లో గదులు బయటివాళ్ళకి ఇస్తారు. గది మామూలు హాస్టల్ గదిలాగే ఉంటుంది, సోకులేం ఉండవు. టిఫిను మాత్రం ఎత్తైన కప్పు, గోడల నిండా పెద్ద పెద్ద పటాలున్న గ్రేట్ హాల్లో. 1072లో మొదలుపెట్టిన కోట, ఎదురుగా 1093లో పునాది వేసిన కెథెడ్రల్, రెండూ కలిపి 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. సందర్శకులు వెళ్ళిపోయాక ఆ పచ్చిక మైదానంలో మేం నలుగురం, ఇద్దరు కాపలావాళ్ళు, అంతే. కెథెడ్రల్ లోపలికి టికెట్ లేదు, విరాళం ఇస్తే తీసుకుంటారు. గోపురం ఎక్కాలంటే టికెట్ కొని 325 మెట్లు ఎక్కాలి, ఆ పని మేం పెట్టుకోలేదు.

రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర ది సిల్ అనే కేంద్రంలో యూత్ హాస్టల్ ఉంది. పేరు చూసి కుర్రాళ్ళకే అనుకోవద్దు, బాత్రూమున్న కుటుంబ గదులున్నాయి, అన్నిటికన్నా ముఖ్యం అందరూ వాడుకునే వంటగది ఉంది. పప్పుచారు, అన్నం, అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి, ప్రయాణం మొత్తంలో అందరూ కడుపునిండా తిన్న భోజనం అదే. గోడ కట్టడం క్రీ.శ. 122లో మొదలైంది, ఆ వెంట తిరిగే బస్సు నంబరు కూడా ఏడీ 122, ఆ సరదా నాకు నచ్చింది. దగ్గర్లోని విండోలాండాలో రోమన్ సైనికుల శిబిరం తవ్వుతున్నారు, వేసవిలో తవ్వకం మన కళ్ళముందే జరుగుతుంది. 1973 నుంచి ఇక్కడ సిరాతో రాసిన పల్చటి చెక్క రేకులు బయటపడుతున్నాయి, సుమారు క్రీ.శ. 100లో ఒకామె తన పుట్టినరోజుకి స్నేహితురాల్ని పిలిచిన ఉత్తరం కూడా అందులోదే. అది మటుకు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంటుంది. గోడ పొడుగునా నడక నేల ఎగుడుదిగుడు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు విండోలాండాతో ఆగిపోవచ్చు, ఏం కోల్పోరు.

ఆల్నిక్ గార్డెన్ గురించి ఎంతో గొప్పగా విన్నాం. జలపాతం పిల్లలకి బాగుంటుంది, మిగతా తోట నాకు మామూలుగానే అనిపించింది. కానీ అక్కడి విషపు తోట కోసం వెళ్ళాలి. నల్లటి ఇనుప గేటు మీద పుర్రె గుర్తు, తాళం తీసి గైడు వెంట ఉంటేనే పంపుతారు, ముట్టుకోకూడదు, వాసన చూడకూడదు. లోపల భయపెడుతూ చూపించిన మొక్కల్లో మన ఆముదం ఒకటి! గింజలో ప్రాణం తీసే విషం ఉందని ఆయన చెప్తుంటే, నెలకోసారి ముక్కు మూసి ఆముదం పట్టించిన వాళ్ళమ్మని తల్చుకుని అమ్మ ఒకటే నవ్వు. విషం గింజలోదే, నూనెలోకి రాదని గైడే చెప్పాడు. అదే ఊళ్ళో పాత రైల్వే స్టేషన్‌లో బార్టర్ బుక్స్ అనే పాత పుస్తకాల దుకాణం ఉంది. "కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్" అని కప్పుల మీదా టీషర్టుల మీదా కనిపించే పోస్టరు 2000లో దొరికింది ఇక్కడే, ఒక పెట్టెడు పాత పుస్తకాల అడుగున.

హోలీ ఐలండ్‌కి మాత్రం సముద్రం ఎప్పుడు దారి ఇస్తే అప్పుడే వెళ్ళాలి. రోజుకి రెండుసార్లు రోడ్డు నీళ్ళలో మునిగిపోతుంది. దాటే వేళల పట్టికని నార్తంబర్లండ్ కౌన్సిల్ ముందే ప్రకటిస్తుంది, బస్సు వేళలు కూడా దాన్ని బట్టే మారతాయి. అయినా పర్లేదులే అని దిగి కార్లు ముంచుకునేవాళ్ళు ఏటా ఉంటారు. క్రీ.శ. 635లో మొదలైన మఠం శిథిలాలు ప్రశాంతంగా ఉంటాయి, మాకు బాగా నచ్చాయి. గుట్ట మీది చిన్న కోటని ఇల్లుగా మార్చింది ఎడ్విన్ లుట్యెన్స్, తర్వాత ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టినాయనే. పార్కింగ్ నుంచి కోటకి చాలా నడక, ఎదురుగాలి, లోపల సన్నటి మెట్లు. నాన్న ఊళ్ళోనే బెంచీ మీద టీ తాగుతూ ఆగిపోయారు.

రవాణా ఖర్చు అనుకున్నదానికన్నా తక్కువే అయింది. 2025 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒక్క ప్రయాణానికి గరిష్ఠ ఛార్జీ 3 పౌండ్లే. రైలుకి ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ తీసుకుంటే పెద్దలకి మూడో వంతు, పిల్లలకి 60 శాతం తగ్గుతుంది, కాకపోతే కనీసం ఒక పిల్లాడైనా వెంట ఉండాలి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి డరమ్‌కి సుమారు మూడు గంటలు. ఆదివారం పల్లె బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు.

నార్తంబర్లండ్‌లోనే ఉన్న కీల్డర్ అడవి వైపు వెళ్ళలేదు. అక్కడి ఆకాశం 2013 నుంచి డార్క్ స్కై పార్క్, అంటే నక్షత్రాలు కనిపించేలా రాత్రి చీకటిని కాపాడే చోటు, అబ్జర్వేటరీ కూడా ఉంది, కానీ జూన్, జూలైల్లో అక్కడ సరిగ్గా చీకటే పడదు. నక్షత్రాల కోసం అయితే అక్టోబర్ తర్వాత వెళ్ళండి, టికెట్లు ముందే బుక్ చేసుకుని, ఉన్న స్వెటర్లన్నీ పట్టుకుని.