అరిగిన బోల్టుకు ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాతో ఈ సెట్టు కొనిపించింది వెనక బ్రేకు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) బోల్టు. తల సైజు 14 మి.మీ., నిండా తుప్పు. చేతికి అందిన పన్నెండు మూలల సాకెట్ పెట్టి లాగాను. టక్కున జారి, బోల్టు తల గుండ్రమైపోయింది. ఆరు పలకల సాకెట్ అయితే పట్టు మూలల మీద కాకుండా పలకల మీద పడుతుంది. అప్పటి నుంచి తుప్పు పట్టిన బోల్టుకు అదే వాడుతున్నాను.

ఇలా తల అరిగిన బోల్టును పట్టి విప్పే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ లోపల ఎడమకు మెలితిరిగిన పదునైన గట్లు ఉంటాయి. విప్పే వైపు తిప్పేకొద్దీ అవి బోల్టు తలను మరింత కరుచుకుంటాయి. అయితే సగం పని సుత్తిదే. చేత్తో సులువుగా దూరిపోయే సైజు పనికిరాదు. కొడితే తప్ప దిగనిదే ఎంచుకోవాలి. నాకు ఆ రోజు 13 మి.మీ. సరిపోయింది. అంతకుముందు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించాను, డిస్కు మీద, ప్యాడ్ల మీద చుక్క పడకుండా గుడ్డ అడ్డుపెట్టి. కారు స్టాండ్ల మీద ఉందని మరోసారి చూసుకుని, పొడుగు హ్యాండిల్‌తో కుదుపు లేకుండా బలం పెంచుతూ పోయాను. కిర్రుమంది. బోల్టు మర చుట్ల సందులోంచి ఎర్రటి పొడి రాలింది. తర్వాత చేత్తోనే తిరిగి వచ్చేసింది. ఆ క్షణంలో కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

బయటికొచ్చిన బోల్టు సాకెట్‌లోనే బిగుసుకుంటుంది. వెనక చదరపు రంధ్రంలోంచి పంచ్ (ఉక్కు కడ్డీ) పెట్టి కొడితే ఊడుతుంది. ఆ బోల్టును మళ్లీ వాడకూడదు. తల మీద 8.8 అనో 10.9 అనో ఉన్న అంకె చూసి, అదే బలమున్న కొత్తది తెచ్చుకోవాలి.

నాలుగేళ్లలో 10 మి.మీ. సాకెట్ గట్లు మొద్దుబారాయి. ఎక్కువగా వాడింది దాన్నే. మిగతావన్నీ ఇంకా పదునుగానే ఉన్నాయి. సుత్తి ఆడించే చోటు లేని ఇరుకు మూలల్లో మాత్రం ఈ సెట్టు నాకు అక్కరకు రాలేదు.

తల తెగిపోయిన బోల్టు సంగతి పూర్తిగా వేరు. దానికి రంధ్రం చేసి మొనదేరిన ఎక్స్‌ట్రాక్టర్ దింపాలి. అది చాలా గట్టి ఉక్కు, కానీ పెళుసు. లోపలే విరిగిందంటే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను పొగను బయటికి పంపే గొట్టాల భాగం) దగ్గర స్టడ్డు, అంటే తల లేని బోల్టు, తెగినప్పుడు ఆ సాహసం చేయకుండా కారును వర్క్‌షాపులో అప్పగించాను.