ఆక్స్‌ఫర్డ్‌లో హోటల్ బుక్ చేస్తున్నారా? "మెయిన్ బిల్డింగ్‌లోనే ఇస్తాం" అన్న మెయిల్ నమ్మకండి

ఇంటికొచ్చి రెండు రోజులైంది, కోపం తగ్గలేదు. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

శనివారం, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ డిగ్రీలిచ్చే షెల్డోనియన్ థియేటర్‌లో తమ్ముడి గ్రాడ్యుయేషన్. అమ్మానాన్న దానికోసమే వీసా తీసుకుని వచ్చారు. డిగ్రీలిచ్చే రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో రూములు ఎలా దొరుకుతాయో ఇక్కడున్నవాళ్లకి తెలిసిందే. నాలుగు నెలల ముందే ఊరి మధ్యలో ఒక పాతకాలపు ఫైవ్ స్టార్‌లో రెండు రూములు తీసుకున్నాను. రెండు రాత్రులకి 1,640 పౌండ్లు, నాన్ రిఫండబుల్. నొక్కింది నా వేలే, ఎవరూ బలవంతపెట్టలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయట్లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, లిఫ్ట్ తప్పనిసరి అని మెయిల్ పెడితే "మెయిన్ బిల్డింగ్‌లోనే, లిఫ్ట్‌కి దగ్గర్లో" అని జవాబు వచ్చింది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అందరికీ పంపి మురిసిపోయాను కూడా.

శుక్రవారం మూడింటికి వెళ్లాం. కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూ తాళాలిచ్చి "మీ రూములు రోడ్డవతల యానెక్స్‌లో" అంది, అంటే హోటల్‌కి అనుబంధంగా ఉన్న ఇంకో బిల్డింగ్. వెళ్లి చూస్తే ఒకటి మూడో అంతస్తు, ఇంకోటి బేస్‌మెంట్. లిఫ్ట్ లేదు. బేస్‌మెంట్‌కి పదకొండు మెట్లు, అవీ మెలి తిరిగినవి. కిటికీలోంచి దారినపోయేవాళ్ల బూట్లు కనిపిస్తున్నాయి. బుకింగ్‌లో రాసిన "గోపురాలు కనిపించే గది" ఇదే కాబోలు.

వెనక్కి వచ్చి మెయిల్ చూపించాను. డ్యూటీ మేనేజర్ని పిలిచారు. మీరు రాసింది రిక్వెస్ట్ మాత్రమే అన్నాడు. గది మార్చే హక్కు మాకుందని షరతుల్లో ఉంది, మీరు టిక్ పెట్టారు అన్నాడు. నిజమే, పెట్టాను. చదవకుండా. సరే అని అమ్మ మోకాళ్ల సంగతి మళ్లీ చెప్పాను. అప్పుడు ఆయన అమ్మని ఒకసారి పైనుంచి కిందకి చూశాడు. చీర మీద స్వెటర్, కాళ్లకి స్పోర్ట్స్ షూ. గొంతు కూడా తగ్గించకుండా, నాతోనే, "ఇది చారిత్రక భవనం మేడమ్. మెట్లెక్కలేనివాళ్లు ఇలాంటి చోట్లకి రాకుండా ఉంటే వాళ్లకే మంచిది" అన్నాడు.

ఆమెకి ఇంగ్లిష్ రాదనుకున్నాడు. మా అమ్మ ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పింది.

నేనేం మాట్లాడాలా అని వెతుక్కుంటుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని "నేను మెల్లగా దిగుతాలే" అంది. నాన్న "వదిలేయ్ తల్లీ, రేపు వాడి రోజు" అన్నారు. నేను తాళాలు తీసుకుని ఏమన్నానో తెలుసా? "థాంక్యూ" అన్నాను. అలవాటు! ఇంత చదువు చదివి, ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో ఉద్యోగం చేస్తూ, అమ్మని అంత మాటన్నవాడికి థాంక్యూ చెప్పి వచ్చాను. రెండు రోజులుగా నిద్ర పట్టనిది ఆయన మాటకి కాదు, నా మాటకి.

బయటికి నడుస్తుంటే వెనకాల వచ్చిన జంటకి "మెయిన్ బిల్డింగ్‌లో మీకు అప్‌గ్రేడ్" అని చెప్పడం చెవినపడింది. అది కూడా వదిలేశాను.

రాత్రి 9:05కి క్రైస్ట్ చర్చ్ కాలేజీలో టామ్ అనే పెద్ద గంట 101 సార్లు మోగుతుందని తమ్ముడు ముందే ఊరించాడు. ఒకప్పుడు గ్రీన్‌విచ్ టైమ్ కంటే ఆక్స్‌ఫర్డ్ వేళ అయిదు నిమిషాలు వెనక, ఆ పాత లెక్కన అది సరిగ్గా తొమ్మిది. గదిలోంచే వినొచ్చని నేను డాంబికంగా చెప్పాను. బేస్‌మెంట్‌లో హీటర్ రొద తప్ప ఏమీ వినపడలేదు. నాన్న ఒక్కరే మెట్లెక్కి రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టుకుని వచ్చారు.

మర్నాడు షెల్డోనియన్‌కి భయపడుతూనే వెళ్లాను. 1669లో పూర్తయిన కట్టడం, క్రిస్టఫర్ రెన్ డిజైను, పైన గ్యాలరీలు, సన్నటి బెంచీలు. అక్కడి స్టీవార్డ్ అమ్మ నడక చూసి, మేం అడగకముందే కింద కూర్చోబెట్టాడు. చారిత్రక భవనాలన్నీ ఒకేలా ఉండవు పాపం. లాటిన్‌లో ఏం చదివారో మాకెవరికీ తెలియలేదు, తమ్ముడు కొత్త గౌనులో లోపలికి వచ్చినప్పుడు మాత్రం అమ్మ నించుంది.

చెకౌట్ బిల్లులో బ్రేక్‌ఫాస్ట్ మీద 12.5 శాతం సర్వీస్ ఛార్జ్! తీసేయమంటే మొహం మాడ్చుకుని తీశారు. ఫిర్యాదు మెయిల్‌కి జవాబు: "మీ అనుభవం మా ప్రమాణాలకు తగ్గట్టు లేనందుకు చింతిస్తున్నాం", ఈసారి వస్తే పది శాతం తగ్గింపు. ఈసారి!

ఇక మీకు పనికొచ్చేవి. లిఫ్ట్, అంతస్తు, ఏ బిల్డింగ్ అన్నవి "కన్ఫర్మ్‌డ్" అన్న మాటతో రాయించుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి మామూలుగా ఉండే, పధ్నాలుగు రోజుల్లో క్యాన్సిల్ చేసుకునే హక్కు, తేదీ వేసి తీసుకున్న హోటల్ గదికి ఉండదు. క్రెడిట్ కార్డుతో కట్టండి, 100 పౌండ్లు దాటితే వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద, డబ్బు వెనక్కిమ్మని కార్డు బ్యాంకుని కూడా అడగొచ్చు. నేను డెబిట్ కార్డు వాడాను, మరి తెలివి. నడవలేనివాళ్లకి తగిన ఏర్పాట్లు చేయడం 2010 ఈక్వాలిటీ చట్టం ప్రకారం హోటళ్ల బాధ్యత అని ఆఫీసులో ఒకావిడ సోమవారం చెప్పారు. శుక్రవారం నాకు తెలిసుంటే బాగుండేది. సెలవుల్లో కొన్ని కాలేజీలు స్టూడెంట్ల గదులు అద్దెకిస్తాయి, చాలా వాటికి లిఫ్ట్ ఉండదు. తమ్ముడి కాలేజీ వాళ్లయితే ఆ సంగతి ముందే రాసి పెట్టారు.