నోటి కేన్సర్ చికిత్స అయ్యాక: భార్య ఉద్యోగం మానాలా, మనిషిని పెట్టుకోవాలా, ఊరికి తీసుకెళ్ళాలా?

నోటి కేన్సర్‌కి ఆపరేషన్ అయి, కరెంటు పెట్టడం (రేడియేషన్) కూడా పూర్తయిందంటే చుట్టాలంతా "గండం గడిచింది" అనేస్తారు. ఇంట్లో చూసుకునే భార్యకి మాత్రం పని అప్పుడే ఎక్కువవుతుంది. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు, ఒక్కోసారి ఆరున్నర వారాలు ఇస్తారు. నోటి పుండ్లు, మింగుడు పడకపోవడం, తీగలు సాగే కఫం ఆఖరి సిట్టింగ్‌తో ఆగవు. ఇంకో వారం, రెండు వారాలు ముదిరి, అప్పుడు గానీ తగ్గుముఖం పట్టవు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో పంచాయితీ. కోడలు ఉద్యోగం మానేస్తే బాగుంటుందని ఒకరు, జీతానికి మనిషిని పెట్టుకోమని ఇంకొకరు, "మా దగ్గరికి పంపించెయ్యమ్మా, నేను చూసుకుంటా" అని అత్తగారు.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. మొదటి రెండు నెలలూ సెలవు పెట్టి దగ్గరుండాలి. తర్వాత పగటిపూటకి మనిషిని కుదుర్చుకుని ఆఫీసుకి వెళ్ళాలి. ఊరు ఆ తర్వాత. రాజీనామా మాత్రం వద్దు.

ఊరా, ఆస్పత్రి దగ్గరా?

ఊళ్ళో ఉన్న సుఖం కాదనలేనిది. వండిపెట్టే చేతులు ఎక్కువ, అద్దె ఉండదు, పలకరించే మనుషులుంటారు. కానీ చికిత్స ముగిసిన తొలి వారాల్లో ఎప్పుడు ఏ అవసరం వస్తుందో తెలియదు. రేడియేషన్‌తో పాటు కీమో కూడా ఎక్కించి ఉంటే, జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకిందంటే డోలో వేసి పొద్దున చూద్దాం అనుకోకూడదు, అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళాలి. మింగలేనివాళ్ళకి ఆహారం పోయడానికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తారు, రాత్రి నిద్రలో దాన్ని లాగేసుకోవడం చాలా ఇళ్ళలో జరిగేదే. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు మళ్ళీ దూరుస్తానంటారు. పొరపాటున అది ఊపిరితిత్తుల దారి పట్టిందా, అందులో పోసిన జావ నేరుగా అక్కడికే పోతుంది. గొట్టం సరైన చోట ఉందని తెలిసినవాళ్ళు చూసి చెప్పేదాకా చుక్క కూడా పోయకూడదు.

ఇంకో చిక్కు ఎవరూ పైకి చెప్పరు. ఖైనీ, గుట్కా అలవాటైంది ఊళ్ళోనే. అదే అరుగు, అదే స్నేహితులు. పరామర్శకి వచ్చినవాడి జేబులో కూడా పొట్లం ఉంటుంది. చికిత్స తర్వాత కూడా పొగాకు వదలకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం, నోట్లోనే మరోచోట కొత్తగా పుట్టే ప్రమాదం రెండూ పెరుగుతాయి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 అనే ఉచిత నంబరుంది. ఆ ఫోన్ మీ ఆయన చేతే చేయించండి, మీరు చేస్తే అది ఫిర్యాదవుతుంది.

(శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. అక్కడ అంగిలికి జబ్బొచ్చేది భార్యకి, చూసుకోవాల్సింది భర్త. అలాంటి ఇంట్లో ఊరు వదలమని చెప్పడం ఇంకా కష్టం, ఎందుకంటే ఆమెతో కూర్చుని తాగే తోడికోడళ్ళు, వదినలు అందరూ అక్కడే ఉంటారు.)

గొట్టం తీసేసి, మొదటి చెకప్ అయ్యాక ఊరికి నిశ్చింతగా వెళ్ళొచ్చు. అక్కణ్ణుంచి చెకప్‌లకి రావడానికి రైల్వే రాయితీ ఉంది. ఆస్పత్రి ఇచ్చే సర్టిఫికెట్ చూపిస్తే స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ రోగికి టికెట్ ధర పూర్తిగా మాఫీ, వెంట వెళ్ళే ఒకరికి 75 శాతం తగ్గింపు.

ఉద్యోగం మానడమా, మనిషిని పెట్టడమా?

అసలు తూకం ఇక్కడే. చాలామంది దీన్ని ప్రేమ ఎంత అన్న ప్రశ్నగా చూస్తారు. పనుల లెక్కగా చూస్తే దారి దొరుకుతుంది.

రోజూ చేయాల్సిన పనుల్లో కొన్ని ఎవరైనా నేర్చుకోగలరు. రెండు మూడు గంటలకోసారి గొట్టంలో పోయడం, పోసేటప్పుడూ ఆ తర్వాత కనీసం అరగంటా కూర్చోబెట్టి ఉంచడం, ముందూ వెనకా మంచినీళ్ళతో గొట్టం కడగడం, లీటరు నీళ్ళలో చెంచా ఉప్పూ చెంచా తినేసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలింపించడం. నమ్మకమైన మనిషి దొరికితే ఒక వారంలో పట్టుబడుతుంది.

కొన్ని పనులు భార్య కూడా చేసిపెట్టలేనివి. దవడ అందులో మొదటిది. ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయిన దవడ కండరాలు నెలల తరబడి బిగుసుకుపోతూ ఉంటాయి. మామూలు మనిషి నోరు తెరిస్తే మూడు వేళ్ళు నిలువుగా పడతాయి, 35 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే బిగుసుకుందన్నట్టే. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని, ఈ వారం ఇన్ని, వచ్చే వారం ఇంకొకటి అని పెంచుకోవాలి. రోజుకి చాలాసార్లు చేయాలి, నొప్పి పుడుతుంది, విసుగొస్తుంది. మింగడం కూడా అంతే, వాడకపోతే గొంతు కండరాలు బలం కోల్పోతాయి. మెడలో గడ్డలు తీసిన వైపు భుజం కిందికి జారకుండా ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలున్నాయి. వీటిలో ఏ ఒక్కటీ ఆయన బదులు మీరు చేసేది కాదు.

రోజంతా ఇంట్లోనే ఉండే భార్యకి వచ్చే ఇబ్బంది ఇదే. ఆయన నొప్పి చూడలేకపోతుంది. "ఇవాళ్టికి వదిలెయ్యండిలే" అంటుంది. గొట్టంలో పోస్తే పది నిమిషాల పని, నోటితో తినిపిస్తే గంట, అందుకని గొట్టమే నయమనుకుంటుంది. ఎవరైనా వచ్చి "ఏరా, ఎలా ఉన్నావ్?" అంటే ఆయన నోరు తెరిచేలోపే "బాగానే ఉన్నారండీ, ఇప్పుడు కొంచెం నయం" అని ఆవిడే జవాబు చెప్పేస్తుంది. మాట ముద్దగా వచ్చినా సరే, ఆయన మాట ఆయనే చెప్పుకోవాలి, వినేవాళ్ళు ఆగాలి. జీతానికొచ్చిన మనిషికి ఈ మొహమాటం ఉండదు. చీటీలో పదింటికి పుల్లలు అని రాసి ఉంటే పదింటికి పుల్లలే. మా ఇంట్లో నేను రోజంతా బతిమాలితే కానిది, మేం జీతానికి పెట్టుకున్న అబ్బాయి "సార్, టైమైంది" అంటే అయిపోయేది. భార్యతో పేచీ పెట్టుకునే మగవాళ్ళు బయటివాడి ముందు బుద్ధిగా చేస్తారు, ఏం చేస్తాం.

బయటి మనిషికి అందనివీ ఉన్నాయి. మింగగానే గొంతులో నీళ్ళున్నట్టు గరగరలాడే మాట, ప్రతి గుక్కకీ పొలమారడం, సాయంత్రాలు సన్నగా కాసే జ్వరం. తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారుతోందనడానికి ఇవి గుర్తులు. పాత గొంతు తెలిసినవాళ్ళకే కొత్త గరగర తెలుస్తుంది. అందుకే పొద్దున ఒక పూట, రాత్రి ఒక పూట భోజనం మీ కళ్ళముందు జరగాలి.

ఇక డబ్బు. ఆపరేషన్, రేడియేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీలో వెళ్ళిపోయినా, కేర్‌టేకర్ జీతం, ఆటో చార్జీలు, డబ్బా పొడులు మన చేతి నుంచే. ఆ లెక్క చూసి "నేనే మానేస్తే జీతం మిగులుతుందిగా" అనిపిస్తుంది. కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ మీ కంపెనీ ద్వారా ఉంటే, మానిన రోజుతో అదీ పోతుంది. కొత్తగా పాలసీ తీసుకుంటే, అసలు ఇస్తే, ఇదివరకే ఉన్న జబ్బుకి మూడేళ్ళ దాకా డబ్బు కట్టకుండా ఉండే హక్కు కంపెనీకి ఉంది. నోటి కేన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే తిరగబెడుతుంది. రాజీనామా వద్దని నేను గట్టిగా అనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఆయన ఈఎస్ఐ కార్డున్న కార్మికుడైతే, చందా షరతులు సరిపోయినవాళ్ళకి కేన్సర్ లాంటి దీర్ఘవ్యాధుల్లో జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకూ భత్యం వస్తుంది. డిస్పెన్సరీలో అడగకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

సెలవులన్నీ మొదట్లోనే కరిగించేయడం కూడా మంచిది కాదు. మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి చెకప్ ఉంటుంది, రెండో ఏడాదీ నెలల వ్యవధిలోనే. వాటికి మీరే వెళ్ళాలి. డాక్టరు అడిగితే "బానే ఉంది సార్" అనేసి వచ్చే మనిషిని ఒంటరిగా పంపి లాభం లేదు.

ఇంటి తిండా, డబ్బా పొడా?

రెండూ కావాలి, ఇందులో పెద్ద తూకమేం లేదు. రాగిజావ, పప్పుకట్టు, పాలు మెత్తగా వడకట్టి పోయొచ్చు, నలకలుంటే గొట్టం మూసుకుపోతుంది. బరువు తగ్గుతుంటే మాంసకృత్తుల పొడి తోడవ్వాలి. వారానికోసారి కాటా ఎక్కించండి, పక్కింటి పిన్నిగారి సలహాల కన్నా ఆ అంకె నమ్మదగ్గది. నోటితో మొదలుపెట్టేది మింగే పరీక్ష చేసిన థెరపిస్టు సరేనన్నాకే. అప్పుడు కూడా నీళ్ళు తేలిక అనుకోకండి, బలహీనమైన గొంతులో పల్చటివే ముందు పొలమారతాయి. గట్టి పెరుగు, మెత్తగా పిసికిన పప్పన్నం చాలామందికి ముందు దిగుతాయి. కారం నెలల తరబడి మంట పుట్టిస్తుంది. అలాగని పిల్లల చేత కూడా పథ్యం చేయించి, ఆవకాయ జాడీ అటకెక్కించనక్కర్లేదు. అందరితో పాటు కూర్చుని ఆయన తినగలిగింది ఆయన తింటారు. కంచం, గ్లాసు వేరుపెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కేన్సర్ ఎంగిలి వల్ల అంటుకోదు.

నా తూకం పనికిరాని ఇళ్ళు

సెలవే ఇవ్వని ఉద్యోగమైతే, ఇంట్లో పసిపిల్లలుండి రెండో పెద్ద మనిషి లేకపోతే, గొట్టం రెండు నెలలు దాటినా తీయలేకపోతే, పై లెక్క తిరగబడుతుంది. అప్పుడు కొన్నాళ్ళు మానడమే మేలు కావొచ్చు, కానీ ముందు ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీదికి మార్చగలరో చూసుకోండి. మానినా, మానకపోయినా మీ నిద్ర చెడిపోయి, అన్నం సయించక, ఊరికే ఏడుపొస్తుంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా ఎత్తుతారు.

మనిషిని పెట్టుకుంటే అతనికిచ్చే చీటీలో ఆస్పత్రి నంబరుతో పాటు ఇంకో మాట రాయండి: పన్ను నొప్పి అన్నా సరే, ఏ దంతవైద్యుడి దగ్గరికీ మీరు లేకుండా తీసుకెళ్ళకూడదని. రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకితే గాయం మానక ఎముక చచ్చుబడే ప్రమాదం ఏళ్ళ తర్వాత కూడా ఉంటుంది, పీకే ముందు కేన్సర్ డాక్టరుకి చెప్పాలి. మెడకి రేడియేషన్ పడిందంటే ఆరు నెలలకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి. మనిషి మందకొడిగా ఉంటే దిగులనుకుని ఊరుకుంటాం, అది థైరాయిడ్ తగ్గడం కూడా కావొచ్చు.